నేలకు బలము - పైరుకు రక్షణ

మన విద్యార్థులలో పలువురు సేద్యపు కుటుంబముల నుండి వచ్చినవారే. పాలేరు జలాశయము చెంతనున్న ఈ కుసుమంచి ప్రాంతమున వరి, పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. ఈ మూడింటికిని పురుగుమందుల ఖర్చు పెరిగిన కొలది రైతు అప్పు పెరుగుచున్నది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి ఖమ్మం జిల్లా తోటలను పాడుచేసినప్పుడు, మందు వెంట మందు చల్లినను పంట దక్కని రైతులు ఎందరో. కనుక ఈ విషయమును మనము శ్రద్ధతో తెలిసికొనవలసియున్నది.

మొదట నేల సంగతి చూతము. పైరుకు తిండి నేలలోనే కలదు. కాని ఏ నేలకు ఏది కొరతయో తెలియక ఎరువు వేయుట, రోగమెరుగక మందు మ్రింగుట వంటిది. చేనులో పది పదునైదు చోట్ల 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారపు గుంట తీసి, అంచు మట్టిని సేకరించి, కలిపి, అరకిలో నమూనాను పరీక్షకు పంపవలెను. గట్ల మీద, చెట్ల నీడన, పెంటకుప్పల వద్ద మట్టి తీయరాదు.

క్షారపు చౌడు నేలకు జిప్సము మేలు చేయును. జిప్సములోని కాల్షియము, మట్టి రేణువులను పట్టియున్న సోడియమును వెడలగొట్టును. అటుపిమ్మట నీరు పెట్టి దానిని కడిగివేయవలెను. మురుగునీరు పోవు దారి లేనిచో ఈ శ్రమయంతయు వ్యర్థము. జీలుగ చౌడును కొంత ఓర్చుకొనును. దానిని పూతదశలో కలియదున్నినచో నేలకు జీవము వచ్చును. చెరువు పూడిక మట్టి ఎర్రచల్కలలో తేమను నిలుపును. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడికను రైతులు పొలములకు తోలుకొనినారు.

ఇక పురుగుల సంగతి. నత్రజని ఎక్కువైనచో పైరు మెత్తబడి రసము పీల్చు పురుగులను పిలుచును. మందు అతిగా చల్లినచో సాలీళ్లు, అక్షింతల పురుగులు వంటి మిత్రకీటకములు నశించును. శత్రువు మాత్రము మందుకు అలవాటు పడును. ఇండోనేషియా దేశము వరిలో సుడిదోమ ఈ కారణముననే విజృంభించెనని గ్రహించి, 1986లో 57 రకముల మందులను వరిపై వాడరాదని నిషేధించినది.

అంత దూరమేల? మన పొరుగుననే పాల్వంచ మండలములోని పునుకుల గ్రామము గలదు. నాడది ఖమ్మం జిల్లాలోనిది, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. అచ్చటి పత్తి రైతులు అప్పుల భారముతో విసిగి, స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో వేపగింజల కషాయము, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయము, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు అలవరచుకొనినారు. మహిళా సంఘములు ముందు నిలిచినవి. 2004లో ఆ పంచాయతీ తమది పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించినది.

వేప కషాయము చేయుట కష్టము కాదు. 5 కిలోల వేపగింజల పప్పు పొడిని నీటిలో రాత్రంతయు నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లకు పెంచి, కొద్దిగా సబ్బుపొడి కలిపి సాయంకాలము చల్లవలెను. ఎండ తగిలిన దాని గుణము త్వరగా తగ్గును. లద్దె పురుగుకు ఆముదము, శనగపచ్చ పురుగుకు బంతి ఎర పంటలు. మిరప చుట్టు రెండు మూడు వరుసల జొన్న వేసినచో తామర పురుగుల రాకకు కొంత అడ్డు కలుగును. చేనిలో పంగల కర్రలు నాటినచో పిట్టలు వాలి పురుగులను ఏరి తినును.

రసాయన మందు బొత్తిగా వలదని సమగ్ర సస్యరక్షణ చెప్పదు. పురుగును లెక్కించి, నష్టము హద్దు దాటునప్పుడు మాత్రమే తగిన మందును తగిన మోతాదులో వాడుమని చెప్పును. అదియే కడపటి ఆయుధము. మందు డబ్బాపై ఎరుపు త్రికోణమున్నచో అది మిక్కిలి విషమని గుర్తు. పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువ.

విద్యార్థులకు మా విన్నపము రెండే. సెలవులలో ఇంటి చేని మట్టిని పరీక్షకు పంపుడు. మందు డబ్బాపైని సూచనలను తెలుగుననో ఉర్దూననో పెద్దలకు చదివి వినిపింపుడు. మన చదువు మన చేనికి ఉపయోగపడనినాడు ఆ చదువునకు ఫలమేమి?