పాలమూరు సేద్యంలో వచ్చిన మార్పులు – ఒక పరిశీలన



మన హాస్టల్లో ఉండే పాలమూరు విద్యార్థులలో చాలామంది పెట్టె, దుప్పటి పట్టుకొని కాచిగూడ స్టేషనులో రైలు దిగినవాళ్లమే. మనకంటే ముందు అదే స్టేషనులో మన పెద్దలు తట్ట, పారలతో దిగారు. మట్టిపనికి పోయారు. దేశంలో అనేక ప్రాజెక్టుల దగ్గర ‘పాలమూరు లేబర్’ చెమట ఉంది. కానీ మన పొలాలు ఎట్లా మారాయో మనం ఏ తరగతిలోనూ చదువుకోలేదు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ణి నేనే. ఎం.ఏ. అర్థశాస్త్రంలో నేర్చుకున్న దానిని మా ఊరి పొలానికి అన్వయించి ఈ వ్యాసం రాస్తున్నాను.

పాత పంటలు

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా 2016లో నాలుగు జిల్లాలైంది. 2019లో నారాయణపేట కూడా వేరైంది. కృష్ణా, తుంగభద్ర నదులు పారుతున్నా ఇది కరువు జిల్లాగానే పేరుబడింది. సగటు వర్షపాతం సుమారు 600 మి.మీ. మాత్రమే. అందువలన చెలకల్లో జొన్న, ఆముదం, కంది, వేరుసెనగ, కొర్ర వంటి మెట్ట పంటలు వేసేవారు. వరి చెరువు కింద, బావి కింద మాత్రమే ఉండేది. జొన్నరొట్టె, గట్క రోజూ తినే తిండి కాగా, వరి అన్నం పండుగనాటి భోజనం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక తిండి మారింది. తిండితోపాటు జొన్నకు గిరాకీ తగ్గింది.

నీరు వచ్చిన దారి

1990లలో జూరాల ప్రాజెక్టు కింద సాగు మొదలైంది. దాని ఆయకట్టు సుమారు లక్ష ఎకరాలు. తర్వాత నెట్టెంపాడు, భీమా, కోయిలసాగర్, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాలు వచ్చాయి. కల్వకుర్తి పథకంలో శ్రీశైలం జలాశయం నీటిని ఎల్లూరు దగ్గర మొదలుపెట్టి మూడు దశల్లో పైకి ఎత్తుతారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు.

కాలువ రాని చోట బోరు వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చారు. దీంతో చెలకలు కూడా మడులైనాయి. ఒకప్పుడు మా ఊరి నుంచి కూలీలు బొంబాయి పోయేవారు. నేడు మా ఊరి మడుల్లో బీహారు కూలీలు నాట్లు వేస్తున్నారు. ఇది నిజంగా పెద్ద మార్పు.

పత్తి

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. వర్షాధార భూముల్లో ఆముదం, జొన్నలను పత్తి తోసేసింది. గద్వాల ప్రాంతంలో సీడు పత్తి సాగు పెరిగింది. ఇందులో ప్రతి పువ్వును చేత్తో క్రాసింగ్ చేయాలి. చిన్న చేతులు కావాలని బడి పిల్లలను ఆ పనికి పెట్టిన చరిత్ర ఉంది. కాబట్టి దిగుబడి లెక్కతోపాటు ఆ పంటలో ఎవరి చదువు పోయిందో కూడా మనం అడగాలి.

వరి ఎందుకు గెలిచింది? – ఒక లెక్క

2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు సాధారణ వడ్లకు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699, రాగికి 4,886, కందికి 8,000. వడ్ల ధరే తక్కువ. అయినా రైతు వరే ఎందుకు వేస్తాడు?

దీనికి మా ఇంటి లెక్కనే ఉదాహరణగా తీసుకుందాం. మాకు రెండెకరాల లావణి పట్టా చెలక ఉంది. మూడెకరాల మడి కౌలుకు చేస్తాం.

కౌలు మడిలో ఎకరాకు 22 క్వింటాళ్ల వడ్లు పండితే మద్దతు ధరకు 52,118 రూపాయలు. దున్నకం, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషన్ కలిపి ఖర్చు 30,000. మిగిలేది 22,118. అందులో పంటకు పదివేలు కౌలు పోతే చేతికి 12,118.

సొంత చెలకలో ఎకరాకు 6 క్వింటాళ్ల జొన్నలు పండితే మద్దతు ధరకు 22,194. ఖర్చు 10,000. మిగిలేది 12,194. అంటే రెండూ దాదాపు సమానమే! నీటితో వచ్చిన అదనపు ఆదాయం కౌలు రూపంలో భూమి గలవారికి పోయింది.

అయితే జొన్నకు మద్దతు ధర కాగితం మీదనే ఉంది. మా దగ్గర వ్యాపారి 2,500కే కొన్నాడు. అప్పుడు మిగిలింది ఐదువేలు. వడ్లకైతే ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, డబ్బు బ్యాంకులో పడుతుంది. 2024 వానాకాలం నుంచి రాష్ట్రంలో సన్న వడ్లకు 500 రూపాయల బోనస్ కూడా ప్రకటించారు. కాబట్టి నేర్చుకోవలసిన సూత్రం ఇది: ధర ఎంత అన్నదొక్కటే చాలదు, ఆ ధరకు కొనేవారున్నారా అన్నది పంటను నిర్ణయిస్తుంది.

కిలో బియ్యానికి మూడు నుంచి ఐదు వేల లీటర్ల నీరు కావాలని అంచనా. బోరు కింద వరి వేస్తే ఆ నీటి ఖరీదు ఈ లెక్కలో ఎక్కడా పడదు. బోరు ఎండినప్పుడు ఒక్కసారే పడుతుంది.

కౌలుదారు ఎక్కడ?

2018లో వచ్చిన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది. మూడెకరాలు దున్నిన మా నాయినకు ఆ మడి మీద ఒక్క రూపాయి రాలేదు. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే వచ్చింది. మా ఊళ్లో ఆ చట్టం పేరు విన్న కౌలురైతు నాకు కనిపించలేదు. ఇట్లాంటివి తెలుసుకొని చెప్పవలసినది చదువుకున్న మనమే.

మనం చేయవలసినది

ఈ లెక్క మా నాయినకు చదివి వినిపించాను. కొంచెంసేపు ఊరుకొని, “లెక్క మంచిగనే జేసినవ్ బిడ్డా. కౌలు ఇడిసిపెడితే రెండెకరాల మీద ఎట్ల బతకాలె?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఒక ఎకరం కౌలు తగ్గించి, సొంత చెలకలో కందితో కలిపి జొన్న వేద్దామని ఇద్దరం అనుకున్నాం. కంది క్వింటాలు ధర మెరుగు, నేలకూ బలం.

తమ్ముళ్లారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకోండి. ఒక్క ఎకరానికి విత్తనం, ఎరువు, కూలి, కౌలు, దిగుబడి, అమ్మిన ధర – ఈ ఆరు రాయండి. అమ్మానాన్నల కూలిని కూడా ఖర్చులో వేయండి. నేను వేయలేదు, వేస్తే మాకు మిగిలేది ఇంకా తక్కువ. మన హాస్టల్లో ఒక్కొక్కరు ఒక్కో ఊరి లెక్క తెస్తే, వచ్చే వార్షికోత్సవ సంచికలో మన జిల్లా సేద్యం పాఠాన్ని మనమే రాసుకోవచ్చు.

– ఎం.ఏ. (అర్థశాస్త్రం) విద్యార్థి, కాచిగూడ