విదేశాల్లో ఎం.ఐ.ఎస్. చదువు: సాయం చేసే ముందు చూడవలసిన కాగితాలు

బి.టెక్., బి.కాం., బి.బి.ఎ. పూర్తిచేసి అమెరికాలో పై చదువుకు దరఖాస్తు చేసే మన పిల్లల నోట ఇప్పుడు తరచుగా వినిపిస్తున్న పేరు ఎం.ఐ.ఎస్. అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. ఆర్థిక సహాయం కోరి వచ్చే విద్యార్థి ప్రవేశపత్రం చూపిస్తాడు. దాని మీద విశ్వవిద్యాలయం పేరు, డిగ్రీ పేరు ఉంటాయి. ఆ రెండూ చూసి లక్షల రూపాయలు సర్దితే సరిపోదని మా అభిప్రాయం. ఒకే పేరుగల డిగ్రీ రెండు చోట్ల రెండు రకాల ఫలితాలు ఇవ్వవచ్చు. ఎలాగో వరుసగా తెలుసుకుందాం.

ఎం.ఐ.ఎస్. అంటే ఏమిటి?

ఒక ఆసుపత్రిని ఉదాహరణగా తీసుకుందాం. ఓ.పి. చీటీలు ఒక చోట, మందుల స్టాకు పుస్తకం ఒక చోట, బిల్లుల లెక్క మరొక చోట ఉన్నాయి. వచ్చే నెలకు ఏ మందు ఎంత తెప్పించాలని అధికారి అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు. సమాచారం మూడు పుస్తకాల్లోనూ ఉంది, కానీ నిర్ణయానికి పనికొచ్చే రూపంలో లేదు. ఆ ముక్కలను కంప్యూటరు సాయంతో కలిపి, నిర్ణయం తీసుకునేవారికి సకాలంలో అందించే ఏర్పాటును రూపొందించడం నేర్పే చదువే ఎం.ఐ.ఎస్.

కంప్యూటర్ సైన్సులో ప్రోగ్రాములు, వాటి వెనుక ఉన్న శాస్త్రం ప్రధానం. ఎం.బి.ఎ.లో సంస్థ నిర్వహణ ప్రధానం. ఎం.ఐ.ఎస్. ఈ రెండింటినీ కలిపే వంతెన. 1968లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆచార్య గోర్డన్ డేవిస్ ఈ శాఖకు పునాది వేశారు. 1974లో అరిజోనా విశ్వవిద్యాలయంలో కూడా ఈ విభాగం ఏర్పడింది. నేడు అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు ఈ మాస్టర్స్ డిగ్రీ ఇస్తున్నాయి.

సాధారణంగా 30 నుండి 36 క్రెడిట్లు, ఏడాదిన్నర నుండి రెండేళ్ల చదువు. డేటాబేస్, వ్యవస్థల విశ్లేషణ, ప్రాజెక్టు నిర్వహణ, డేటా విశ్లేషణ, సమాచార భద్రత ముఖ్య పాఠ్యాంశాలు. పని అనుభవం లేనివారిని కూడా చాలా కోర్సులు చేర్చుకుంటాయి. అందుకే డిగ్రీ అయిన వెంటనే వెళ్లేవారు దీనివైపు చూస్తారు.

ఎవరికి సరిపోతుంది?

లెక్కలంటే భయం లేకుండా, నలుగురితో మాట్లాడి వారి అవసరాన్ని అర్థం చేసుకుని, దాన్ని స్పష్టంగా రాసి చెప్పగలిగిన విద్యార్థికి ఇది బాగా సరిపోతుంది. కోడింగ్ రాదు కాబట్టి ఇందులో చేరతానంటే ఇక్కడా ఇబ్బంది తప్పదు. బి.కాం. చదివినవారు కనీసం డేటాబేస్ భాష ఎస్.క్యు.ఎల్., ఒక ప్రోగ్రామింగ్ భాష ముందుగా నేర్చుకుని వెళ్లాలి. బి.టెక్. చదివినవారు ఖాతాలు, వ్యాపార వ్యవహారాల మూలసూత్రాలు తెలుసుకోవాలి.

కాగితం మీది కోడ్

విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో కోర్సు పేరు పక్కన ఒక కోడ్ ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించే అంకెలు అవే.

ఎఫ్-1 వీసాపై చదివినవారికి చదువు ముగిశాక 12 నెలలపాటు తమ చదువుకు సంబంధించిన పని చేసే అవకాశం ఉంది. దాన్ని ఓ.పి.టి. అంటారు. అమెరికా ప్రభుత్వపు స్టెమ్ జాబితాలో ఉన్న కోర్సు చదివితే, అర్హమైన ఉద్యోగం ఉన్నప్పుడు మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. మొత్తం 36 నెలలు. ఎం.ఐ.ఎస్. కోర్సును కొన్ని విద్యాలయాలు 11.0401 లేదా 11.0103 వంటి కోడ్ కింద నడుపుతాయి. ఇవి స్టెమ్ జాబితాలో ఉన్నాయి. కొన్ని 52.1201 అనే వాణిజ్య విభాగపు కోడ్ కింద నడుపుతాయి. ఇది ఆ జాబితాలో లేదు. డిగ్రీ పేరు ఒక్కటే, పని చేసే గడువులో తేడా రెండేళ్లు.

ఈ రెండేళ్లు ఎందుకంత ముఖ్యం? హెచ్-1బి వీసాలకు ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి అదనంగా 20,000 మాత్రమే పరిమితి. దరఖాస్తులు అంతకంటే ఎక్కువ వస్తే ఎంపిక జరుగుతుంది. ఒక్క ఏడాదే ఉన్నవాడికి ఆ ప్రయత్నం ఒకటి రెండుసార్లకు మించి దొరకదు. పైగా ఓ.పి.టి. మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది మళ్లీ సరిచూసుకోవాలి.

డబ్బు లెక్క

ఐ-20 పత్రంలో మొదటి ఏడాది ఫీజు, నివాసం, భోజనం, బీమా ఖర్చుల అంచనా ఉంటుంది. వీసా ఇంటర్వ్యూలో ఆ సొమ్ముకు రుజువు చూపాలి. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. అనుమతి లేకుండా బయట పని చేయడం చట్టవిరుద్ధం. కనుక అక్కడికి వెళ్లి సంపాదించి ఫీజు కడతానన్న మాటను లెక్కలో చేర్చకూడదు.

ఉదాహరణకు 30 లక్షల రూపాయల అప్పుకు 11 శాతం వడ్డీ అనుకుందాం. చదువుకునే రెండేళ్లలోనే సాధారణ వడ్డీ 6 లక్షల 60 వేలు అవుతుంది. అసలు అలాగే ఉంటుంది. ఇల్లో, పొలమో తాకట్టు పెట్టిన కుటుంబానికి ఇది చిన్న భారం కాదు. వడ్డీ ఇవ్వకూడదన్న నియమం పాటించే కుటుంబాలకు ఈ దారే మూసుకుపోతుంది. దాతలు ఖర్జె హసనాగా 5 లక్షలు సర్దితే, పై లెక్క ప్రకారం ఏడాదికి 55 వేల వడ్డీ తప్పుతుంది. తిరిగి వచ్చిన ఆ సొమ్ము మరో విద్యార్థికి పనికొస్తుంది.

తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం ఉంది. దీని కింద 20 లక్షల రూపాయల వరకు లభిస్తుంది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు మించకూడదు. అయితే ఈ సొమ్ము రెండు విడతల్లో వస్తుంది. మొదటిది విద్యార్థి ఆ దేశం చేరినట్లు రుజువు చూపాక, రెండవది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. అంటే ఎంపికైన పేద విద్యార్థి కూడా దరఖాస్తు ఫీజులు, ఇంగ్లిషు పరీక్ష, 350 డాలర్ల సెవిస్ రుసుము, 185 డాలర్ల వీసా రుసుము, విమాన టికెట్, తొలి ఫీజు ముందుగా తానే సమకూర్చుకోవాలి. చాలామంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే. దాతల సాయం ఇక్కడ అందితే చిన్న మొత్తమైనా పెద్ద పని చేస్తుంది.

మోసాల విషయంలో జాగ్రత్త

2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అధికారులు మూయించినప్పుడు నష్టపోయినవారిలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని అమెరికా అధికారులే వల పన్నడానికి నెలకొల్పారు. అక్కడ తరగతులే జరగలేదు. పట్టుబడినవారిలో అత్యధికులు భారతీయులు. తరగతికి రానక్కరలేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు అని ఏజెంటు చెబితే అది హెచ్చరికగా భావించాలి.

దాతలు అడగవలసిన అయిదు ప్రశ్నలు

1. ఐ-20 మీద కోర్సు కోడ్ ఎంత? అది స్టెమ్ జాబితాలో ఉందా?
2. ఆ విద్యాలయానికి గుర్తింపు ఎవరిచ్చారు? వ్యాపార కళాశాల అయితే ఎ.ఎ.సి.ఎస్.బి. గుర్తింపు ఉందా?
3. మొదటి ఏడాది ఖర్చుకు సొమ్ము ఎక్కడెక్కడి నుంచి వస్తోంది? అందులో అప్పు ఎంత?
4. మొదటి సెమిస్టర్‌లో ఏయే పాఠ్యాంశాలు తీసుకుంటారు? వాటికి ఇప్పటి నుంచే ఏమి చదువుతున్నారు?
5. అక్కడ ఉద్యోగం దొరక్కపోతే తిరిగి వచ్చి ఏమి చేయాలనుకుంటున్నారు?

అయిదవ ప్రశ్న నిరుత్సాహపరచడానికి కాదు. హైదరాబాదులోనూ ఈ చదువుకు తగిన కొలువులు ఉన్నాయి. కానీ ఇక్కడి జీతంతో అక్కడి అప్పు ఎన్నేళ్లలో తీరుతుందో బయలుదేరకముందే కాగితం మీద వేసి చూసుకోవాలి. ఈ అయిదింటికీ జవాబు చెప్పగలిగిన బిడ్డకు నిస్సంకోచంగా సాయం చేయవచ్చు. చెప్పలేకపోతే వెనక్కి పంపకుండా, చదువుకున్నవారు పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితాలు కలిసి చదవాలి. డబ్బు ఇవ్వలేని వారు కూడా చేయగల సాయం అది.