ఇంటి ధ్వనిముద్రణకు తగిన హెడ్‌ఫోన్లు: అల్పవ్యయముతో ఎంపిక

కూచిపూడి నృత్యమునకు గాత్రము, నట్టువాంగము, మృదంగము, వయొలిను, వేణువు ఒకే లయలో నడువవలెను. ఒకనాడు మంచి ధ్వనిముద్రణకు 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి వంటి కేంద్రమునో, మద్రాసు స్టూడియోలనో ఆశ్రయింపవలసివచ్చెడిది. నేడు కంప్యూటరు, మైకు, హెడ్‌ఫోను ఉన్నచో కూచిపూడి గ్రామములోని ఇంటిగదిలోనే సాధనకొరకు పాటను ముద్రించుకొనవచ్చును. అయితే హెడ్‌ఫోను ఎంపికలో ధరకంటె గుణము ముఖ్యము.

మొదటిది నిర్మాణము. గాయకుడు ముందుగా ముద్రించిన మృదంగమును, తాళములను చెవిలో వినుచు పాడును. వెనుకభాగము తెరచియున్న రకమునుండి ఆ తాళధ్వని బయటికి వచ్చి మైకులో పడును. గాత్రముతో కలిసిన పిదప దానిని వేరుచేయుట కష్టము. కావున పాడునపుడు చెవిని పూర్తిగా కప్పు, వెనుక మూసియున్న రకమే తగినది.

రెండవది తీగ. నిమిషమునకు 120 క్రియల వేగమున ఒక్కొక్క క్రియ అర సెకను. ‘తకధిమి’లో ఒక్కొక్క అక్షరము సెకనులో ఎనిమిదవ వంతు. బ్లూటూత్ హెడ్‌ఫోనులో ధ్వని తరచుగా అంత ఆలస్యముగను, ఒక్కొక్కప్పుడు ఇంకను ఆలస్యముగను చేరును. అనగా పాట ఒక అక్షరము వెనుకబడును. తీగగల హెడ్‌ఫోను చవకయైనను లయను కాపాడును.

మూడవది నిజాయితీ. మంద్రధ్వనిని పెంచి వినిపించు హెడ్‌ఫోనులో మృదంగపు తొప్పి గంభీరముగా తోచును. అది చాలునని తగ్గించినచో, ఇతర స్పీకర్లలో ఆ నాదము పలుచబడును. ఉన్నదున్నట్లు వినిపించునదే మేలు.

నాలుగవది విద్యుత్ నిరోధము. సుమారు 32 ఓములది సామాన్య కంప్యూటరుతోనే చక్కగా పలుకును. 250 ఓముల దానికి తరచుగా వేరుగా ఆంప్లిఫయరు కావలసి ఖర్చు పెరుగును. చెవి మెత్తలు, తీగ మార్చుకొను వీలున్నదానిని కొనుడు. డెల్టా ప్రాంతపు ఉక్కకు, చెమటకు మెత్తలు త్వరగా చెడును.

అన్నింటికంటె విలువైనది వినికిడి. 85 డెసిబెల్ల ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలము సగమగుననియు నిపుణుల సూచన. అనగా 91 డెసిబెల్లయినచో 2 గంటలే. పోయిన వినికిడిని ఏ ధరకును కొనలేము.

విద్యార్థులారా! కొనుటకు ముందు మీకు బాగుగా తెలిసిన పాటను అంగడిలో ఆ హెడ్‌ఫోనుతో వినుడు. కళాశాల సంఘమువారు ఇట్టివి ఒకటి రెండు సమకూర్చినచో, కొనలేని విద్యార్థులును తమ సాధనను తామే విని దిద్దుకొనగలరు.