రేర్ ఎర్త్ మోజు సరే, పిల్లలకు రాయి మీద ఇష్టముందా?

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. అప్పటి నుంచి తల్లిదండ్రుల ప్రశ్న మారింది. ‘‘మావాడికి ఇంటర్ అయిపోయిందండీ, రేర్ ఎర్త్ కోర్సు ఎక్కడుంది?’’ అంటున్నారు. మొన్నటిదాకా ఇదే గొంతుతో డేటా సైన్స్ గురించి అడిగారు. పిల్లవాడికి ఏది ఇష్టమో మాత్రం అప్పుడూ కనుక్కోలేదు, ఇప్పుడూ కనుక్కోవడం లేదు.

ఇంటర్ కాగానే ఆ పేరుతో కోర్సు కోసం వెతక్కండి. ఈ రంగంలోకి తీసుకెళ్లేవి జియాలజీ, కెమిస్ట్రీ, మెటలర్జీ, మైనింగ్ చదువులే. వార్తల్లో వేడి తగ్గకముందే సర్టిఫికెట్ చేతిలో పెడతామని, ఉద్యోగం ఖాయమని చెప్పేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

ఇంకో అపోహ కూడా ఉంది. 2023లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు అనంతపురం ప్రాంతంలోని సైనైట్ శిలల్లో అలనైట్, మోనజైట్, జిర్కాన్ లాంటి ఖనిజాలను గుర్తించినట్టు ప్రకటించారు. ఇక గనులొచ్చేస్తాయి, మనవాడికి ఊళ్లోనే ఉద్యోగమని లెక్కలు వేసుకోవడం తొందరపాటు. ఖనిజం కనిపించడం వేరు, గని తెరవడం వేరు. మధ్యలో ఏళ్లతరబడి పనుంటుంది. జియాలజిస్టు కెరీర్ అంటే ఆ మధ్యలోని పనే.

అదెలా ఉంటుందో చూడండి. గ్రానైట్, సైనైట్ లాంటి అగ్నిశిలల్లో రేర్ ఎర్త్ మూలకాలు ఎక్కువగా ఉండేది ఫెల్డ్‌స్పార్‌లోనో క్వార్ట్జ్‌లోనో కాదు. రాయి మొత్తంలో చిటికెడంత ఉండే అలనైట్, మోనజైట్ లాంటి అనుబంధ ఖనిజాల్లో. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజుపలక మీద అతికించి మైక్రోస్కోప్ కింద పెడితే అలనైట్ గోధుమరంగులో కనిపిస్తుంది. చాలాసార్లు దాని చుట్టూ పగుళ్లు విచ్చుకుని ఉంటాయి. లోపలి థోరియం రేడియోధార్మికతకు స్ఫటికం కట్టుదప్పి, ఉబ్బి, పక్క ఖనిజాన్ని చీలుస్తుంది. భూమి లోపలి నుంచి వచ్చే వేడి ద్రవాలు ఆ పగుళ్లలోకి దూరతాయి. వాటిలో ఫ్లోరిన్, కార్బొనేట్ ఉంటే అలనైట్ అంచుల నుంచి శిథిలమవుతుంది. విడుదలైన మూలకాలు అక్కడే బాస్ట్నసైట్ లాంటి ఫ్లోరోకార్బొనేట్లుగా పేరుకుంటాయి.

ఈ మార్పు మీదే డబ్బు లెక్కంతా ఆధారపడి ఉంటుంది. సిలికేట్ ఖనిజమైన అలనైట్ నుంచి మూలకాలను లాభసాటిగా తీయడం కష్టం. బాస్ట్నసైట్‌ను కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్‌లో దశాబ్దాలుగా తవ్వుతున్నారు. దక్షిణ చైనాలో కొన్ని గ్రానైట్లలో వేడి ద్రవాలు ముందే ఇలాంటి ఫ్లోరోకార్బొనేట్లను తయారుచేసి పెట్టాయి. తర్వాత ఎండకూ వానకూ అవి తేలిగ్గా కరిగి, వాటిలోని మూలకాలు బంకమట్టిని అంటిపెట్టుకున్నాయి. డిస్ప్రోసియం, టెర్బియం లాంటి భారీ మూలకాలు ప్రపంచానికి ఎక్కువగా అలాంటి మట్టి నుంచే అందుతున్నాయి. అవే మూలకాలు జిర్కాన్‌లో బిగుసుకుపోయి ఉంటే వాన వాటిని కదిలించలేకపోయేది. అందుకే ల్యాబ్ రిపోర్టులో ఎంత శాతం అన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఏ ఖనిజంలో, ఏ స్థితిలో ఉందో చెప్పగలిగినవాడే జియాలజిస్టు. అలా చెప్పడం మూడు నెలల కోర్సులో రాదు. మైక్రోస్కోప్ ముందు గంటలకొద్దీ కూర్చునే ఓపిక కావాలి, ఎండలో సుత్తి పట్టుకుని గుట్టలెక్కే ఇష్టం కావాలి, కెమిస్ట్రీ మీద పట్టు కావాలి. కెమిస్ట్రీ అంటే భయపడే పిల్లల్ని ఇందులోకి నెట్టడం అన్యాయం. ఇష్టపడి వస్తానన్న కూతుర్ని ‘‘ఆడపిల్లకు కొండలూ గుట్టలూ ఎందుకు’’ అని ఆపడం అంతకంటే అన్యాయం.

డిగ్రీలో జియాలజీ, ఆపైన యూనివర్సిటీ ఎంట్రన్స్‌తోనో ఐఐటీ జామ్‌తోనో ఎమ్మెస్సీ, తర్వాత గేట్ లేదా యూపీఎస్‌సీ జియో సైంటిస్ట్ పరీక్ష: దారి ఇంతే.

అసలు జాగ్రత్తపడాల్సింది కోచింగ్ దగ్గర. 2023 జియో సైంటిస్ట్ పరీక్షకు ప్రకటించిన పోస్టులు 285, మరుసటి ఏడాది పరీక్షకు 56. జియాలజిస్టులు, జియోఫిజిసిస్టులు, కెమిస్టులు, హైడ్రోజియాలజిస్టులు అందరికీ కలిపి అంతే. ఇలా ఎగిరిపడే అంకెను నమ్ముకుని డిగ్రీ మొదటి ఏడాది నుంచే లక్షలు పోసి కోచింగ్‌లో చేర్పించడం, నాలుగేళ్లు ఇంకేమీ చేయనివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టి చదివించడం చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ నాలుగేళ్లలో ఆ పిల్లలు ఫీల్డ్‌కు పోరు, ల్యాబ్ ముఖం చూడరు. ఉద్యోగం రాకపోతే చేతిలో పని కూడా ఉండదు.

నా ఓటు మంచి ఎమ్మెస్సీకే. కాలేజీ పేరు కంటే అక్కడ మైక్రోస్కోపులు పనిచేస్తున్నాయా, ఏటా ఫీల్డ్‌కు తీసుకెళ్తున్నారా, ప్రాజెక్టును పిల్లలే సొంతంగా చేస్తున్నారా అన్నవి చూడండి. మనకు దగ్గర్లోనే హైదరాబాద్‌లో అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ఏఎండీ ప్రధాన కార్యాలయం, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జీఎస్ఐ శిక్షణ కేంద్రం ఉన్నాయి. రాళ్ల కంటే రసాయనాల మీద మనసున్నవాళ్లకు మూలకాలను వేరుచేసే పని, వాటితో అయస్కాంతాలు తయారుచేసే పని ఉన్నాయి. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వారి మ్యాగ్నెట్ ప్లాంటు ఈ రెండోదానికి సంబంధించిందే.

ఎక్కడైనా ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగానికి పిల్లల్ని తీసుకెళ్లి, మైక్రోస్కోప్ కింద ఒక గ్రానైట్ ముక్క చూపించమని అడగండి. చూశాక ఇంకోటి చూపించమంటే చేర్పించండి. అడగకపోతే ఈ మాట అక్కడితో వదిలేయండి.