విమానం ఎంతసేపట్లో చేరుతుంది?

బాలలూ! బనగానపల్లె పేరు వినగానే మీకు మామిడిపండు గుర్తుకు వస్తుంది. ఆ ఊరికి ఉత్తరాన, ఓర్వకల్లు దగ్గర, 2021 మార్చి 25న కర్నూలు విమానాశ్రయం ప్రారంభమైంది. 1847లో ఆంగ్లేయులు కోవెలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టారు. అదే నెల 28న అక్కడ విమానాల రాకపోకలు మొదలయ్యాయి. విశాఖపట్నానికి కూడా విమానం నడిచింది.

ఓర్వకల్లు నుంచి విశాఖకు ఎంత దూరం? ఆకాశంలో మైలురాళ్ళు ఉండవు కదా! అట్లాసు తెరిస్తే చాలు, మనమే కనుక్కోవచ్చు.

ఓర్వకల్లు విమానాశ్రయం 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖ నగరంలోని విమానాశ్రయం 17.7, 83.2 డిగ్రీల దగ్గర ఉంది. అంటే ఉత్తరానికి 2 డిగ్రీలు, తూర్పుకు 5 డిగ్రీలు తేడా.

ఒక డిగ్రీ అక్షాంశం అంటే రమారమి 111 కిలోమీటర్లు. రేఖాంశాలు మాత్రం ధ్రువాల వైపు పోనుపోను దగ్గరవుతాయి. అందువల్ల మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం 106 కి.మీ. మాత్రమే. కాబట్టి ఉత్తరానికి 222 కి.మీ., తూర్పుకు 530 కి.మీ. ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. విమానం పోయే దారి కర్ణం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం అది రమారమి 575 కి.మీ. భూమి గుండ్రంగా ఉన్నా, ఇంత కొద్ది దూరానికి వచ్చే తప్పు నూటికి రెండు పాళ్ళ లోపే.

ఇక కాలం సంగతి. రెండు పంకాలుండే ఏటీఆర్ విమానం పైకి చేరాక గంటకు దాదాపు 500 కి.మీ. వేగంతో పోతుంది. 575ని 500తో భాగిస్తే 69 నిమిషాలు. వెనుక నుంచి గాలి 50 కి.మీ. వేగంతో తోస్తే 63 నిమిషాలు చాలు. అదే గాలి ఎదురైతే 77 పడుతుంది. పైకి ఎక్కేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ వేగం తక్కువ. రన్‌వేకు సూటిగా రావడానికి కొంత చుట్టూ తిరగాలి. కనుక గంటన్నర అనుకుందాం.

అయితే ప్రయాణం ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది! బనగానపల్లె నుంచి ఓర్వకల్లుకు గంటన్నర, విమానాశ్రయంలో గంట, విశాఖలో బయటపడడానికి అరగంట కలిపితే మొత్తం నాలుగున్నర గంటలు. రోడ్డు మీద ఇందుకు పగలంతా పడుతుంది.

మరి కడపకు? ఓర్వకల్లు నుంచి కడప విమానాశ్రయం 148 కి.మీ. విమానం ఉన్నదనుకుంటే, ఎక్కి దిగడానికి 40 నిమిషాలు. మిగిలిన మూడు గంటలూ కలిపితే 3 గంటల 40 నిమిషాలు! బనగానపల్లె నుంచి కడప సూటిగా అంతకంటే దగ్గరే. పైగా ఓర్వకల్లు ఉత్తరాన, కడప దక్షిణాన. నేరుగా కారులో పోయినవారే ముందు చేరుతారు.

పరీక్షకో, ఆసుపత్రికో వేళకు చేరవలసిన వారికి వాహనం వేగం ఒక్కటే చాలదు. మొత్తం కాలం లెక్క చూడాలి.

మీ ఊరి నుంచి తిరుపతికి ఈ లెక్క కట్టి చూడండి. విమానం గెలుస్తుందా, బస్సు గెలుస్తుందా?