ఫిబ్రవరి 31ని ప్రోగ్రాం ఎలా ఒప్పుకుంది?

ప్రశ్న: మా జావా ప్రోగ్రాంలో పుట్టిన తేదీ గడిలో ఎవరో 31/02/2005 అని కొట్టారు. ఎర్రర్ రాలేదు సరికదా, డేటాబేసులో మార్చి 3 అని పడింది. ఎందుకిలా?

జవాబు: మీరు వాడుతున్నది సింపుల్‌డేట్‌ఫార్మాట్ అయ్యుండాలి. చెప్పకపోతే అది చూసీచూడనట్టు పోతుంది. 2005 ఫిబ్రవరికి 28 రోజులే కాబట్టి మిగిలిన మూడింటినీ మార్చిలోకి జరిపేసింది. సెట్‌లీనియెంట్‌కు ఫాల్స్ ఇస్తే లేని తేదీని తిప్పికొడుతుంది. కానీ తేదీ వెనక చెత్త అక్షరాలుంటే అప్పుడూ పట్టించుకోదు.

2014లో జావా 8తో వచ్చిన లోకల్‌డేట్‌కు మారండి. అక్కడా ఒక మెలిక ఉంది. సొంత నమూనాతో డేట్‌టైమ్‌ఫార్మాటర్ చేసుకుంటే అది స్మార్ట్ పద్ధతిలో నడుస్తుంది. 32వ తేదీ ఇస్తే ఎక్సెప్షన్ విసురుతుంది. 31/02/2005 ఇస్తే మాత్రం చడీచప్పుడు లేకుండా ఫిబ్రవరి 28 చేసేస్తుంది. నా దృష్టిలో పాతదానికన్నా ఇదే ప్రమాదం, నెల మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే విత్‌రిజాల్వర్‌స్టైల్‌తో స్ట్రిక్ట్ పెట్టండి. అప్పుడు నమూనాలో ఏడాదికి నాలుగు చిన్న 'వై'ల బదులు నాలుగు చిన్న 'యు'లు రాయాలి. 'వై' రాస్తే క్రీస్తుపూర్వమో క్రీస్తుశకమో కూడా అడుగుతుంది, సరైన తేదీలూ ఆగిపోతాయి. నెలకు పెద్ద 'ఎం'; చిన్నది నిమిషాలకు.

ఎక్సెప్షన్ పట్టుకుని, గడి పక్కనే "ఫిబ్రవరిలో 31వ తేదీ లేదు" అని చూపించండి. ఇప్పటికే పడిన రికార్డుల్లో ముందుగా మార్చి 1, 2, 3 తేదీలను, తర్వాత మే, జూలై, అక్టోబరు, డిసెంబరు ఒకటో తేదీలను అసలు దరఖాస్తులతో సరిచూడండి.