షెల్ స్క్రిప్టులో షరతు: ఆజ్ఞ ఇచ్చు రెండు సమాధానములు

డిగ్రీ ముగిసిన పిమ్మట మన విద్యార్థులలో పలువురు కంప్యూటరు విద్య కొరకు అమీర్‌పేటలోని మైత్రీవనము దారి పట్టుచున్నారు. ఆ భవన సముదాయము చుట్టును, సందులలోని మేడలపైనను వెలసిన శిక్షణ కేంద్రములలో లినక్సు పాఠములు నేర్చువారిని తికమకపెట్టు విషయమొకటి కలదు. ఒక ఆజ్ఞ ఫలితమును బట్టి షరతు వ్రాయుట ఎట్లు? అది దారి తప్పినచో లోపమును పట్టుకొనుట ఎట్లు? వీనిని గూర్చి క్లుప్తముగా వివరించుట మా ఉద్దేశము.

యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల కృషితో ఆరంభమైనది. స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ 1979లో యూనిక్సు ఏడవ కూర్పుతో వెలువడినది. 1989లో బ్రయాన్ ఫాక్స్ వెలువరించిన బ్యాష్ ఆ బాటనే నడచినది. ఇందు 'ఇఫ్'తో మొదలైన షరతు 'ఫై'తో ముగియును. ఆంగ్లాక్షరములలో ఇది ఇఫ్‌ను తిరుగవేసిన రూపమే. కుడినుండి ఎడమకు చదువ నేర్చిన ఉర్దూ విద్యార్థులకు ఇది వింతగా తోచదు.

ప్రతి ఆజ్ఞయు రెండు విధములుగా బదులిచ్చును. మొదటిది తెరపై కనిపించు అక్షరములు. రెండవది కంటికి కానరాని సంఖ్య. దీనిని నిష్క్రమణ స్థితి అందుము. 0 అనగా జయము. 1 మొదలు 255 వరకు గల సంఖ్యలు వైఫల్యమును తెలుపును. గెలుపు ఒక్కటే, ఓటమికి కారణములు అనేకము. ఇఫ్ చూచునది ఈ సంఖ్యనే గాని అక్షరములను కాదు.

అక్షరములే కావలెనన్నచో, డాలరు గుర్తు ముందుంచి కుండలీకరణములలో ఆజ్ఞను వ్రాసి, ఫలితమును చలరాశిలో నిలుపవలెను. పోల్చునపుడు ఆ చలరాశిని జంట ఉల్లేఖన చిహ్నముల నడుమ ఉంచవలెను. లేనిచో ఫలితము శూన్యమైనపుడు పోలికకు ఒకవైపు ఏమియు మిగులక షెల్ తప్పు చూపును.

ఒక ఉదాహరణము. ఉపకారవేతనముల జాబితా ఒక ఫైలులో కలదనుకొందము. హాల్‌టికెట్ సంఖ్యను గ్రెప్ ఆజ్ఞతో వెదకుదుము. దొరికినచో 0, దొరకనిచో 1, ఫైలు తెరుచుకొననిచో 2 వచ్చును. ఇఫ్, ఎల్స్ మాత్రమే వ్రాసినచో 1, 2 రెండును ఎల్స్‌లోనే పడును. ఫైలు తెరుచుకొనకున్నను యంత్రము "నీకు వేతనము లేదు" అనును. అర్హుడైన బీద విద్యార్థి ఆ మాట నమ్మి ఇంటిదారి పట్టును! కావున గ్రెప్ తరువాతి పంక్తిలోనే ఆ సంఖ్యను చలరాశిలో దాచి, కేస్ నిర్మాణముతో మూడు దారులుగా విడదీయవలెను.

ఇక లోపశోధనము. మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను.

ఒకటి: డాలరు గుర్తు, ప్రశ్నార్థకము కలిసిన చలరాశి చిట్టచివరి ఆజ్ఞ సంఖ్యనే చూపును. నడుమ పరీక్షకై ఎకో పంక్తి చేర్చినచో, దాని 0 పాత సంఖ్యను తుడిచివేయును.

రెండు: గ్రెప్ ఫలితమును పైప్ ద్వారా సార్ట్‌నకు పంపినచో, మిగులునది సార్ట్ సంఖ్యయే. గ్రెప్ ఓడినను ఇఫ్ గెలుపనుకొనును. బ్యాష్‌లో 'సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్' ఇందుకు విరుగుడు.

మూడు: 'సెట్ మైనస్ ఎక్స్' అన్నచో, చలరాశుల విలువలు నింపిన ప్రతి ఆజ్ఞను షెల్ కూడిక గుర్తుతో చూపి ఆపై నడుపును. 'బ్యాష్ మైనస్ ఎన్' స్క్రిప్టును నడుపకయే వ్యాకరణమును మాత్రము పరీక్షించును.

షరతు అను మాట ఉర్దూ, తెలుగులు రెండింటను కలదు. తెలుగు వ్యాకరణమున చేదర్థకమని దీనికే పేరు. 'వచ్చినచో' అనుటకు ముందు ఏమి వచ్చినదో తెలియవలెను. "లేదు" వేరు, "చూడలేకపోతిని" వేరు. ఈ భేదము పాటించు స్క్రిప్టునే పదిమంది బ్రతుకులకు సంబంధించిన పనికి వినియోగింపవలెనని విద్యార్థులకు మా మనవి.